దీపం దగ్గరికి చుక్కల వరుస

జగ్గభూపతి మహారాజుకి ముగ్గులంటే పిచ్చి. ఒకనాడు కొలువులో దీపస్తంభం చుట్టూ పెట్టిన చుక్కల్ని చూస్తూ చూస్తూ పేచీ పెట్టాడు.

"ఈ దీపం చుట్టూ ఎంత చిన్న గిరి గీసినా అందులో చుక్కలు ఉంటాయనుకోండి. అప్పుడు దీపానికి దగ్గరవుతూ పోయే చుక్కల వరుస ఒకటి ఉన్నట్టా, లేనట్టా? తేల్చినవాడికి ఊరు ఇస్తాను. తేల్చినదాన్ని కాదని వాదించి ఓడినవాడు కొలువు వదిలిపోవాలి."

గణితంలో తనకు ఎదురులేదనుకునే నృసింహావధాని చటుక్కున లేచాడు. ఒకదాన్ని మించి ఒకటి చిన్నగా గిరులు గీస్తూ పోవాలట. ఒక్కో గిరిలోంచి ఒక్కో చుక్కను ఎంచుకోవాలట. అంతే, వరుస తయారట. ఇంత చిన్నదానికి ఊరెందుకు ప్రభూ అని నవ్వాడు గానీ, ఊరు వద్దని మాత్రం అనలేదు.

విదూషకుడు కొండుభట్టుకి బుర్రకంటే నోరు ముందు నడుస్తుంది. ఎలా ఎంచుకుంటారండీ అని అడిగేశాడు. అడిగాక గానీ రాజు పెట్టిన షరతు గుర్తురాలేదు. కొలువు భోజనం తప్ప ఆయనకి వేరే బతుకుతెరువు లేదు. పైగా పొద్దున ఉతికిన రెండు పంచెల్లో ఏది కట్టుకోవాలో తేలక, భార్య విసుక్కుని ఒకటి మొహాన కొడితే కట్టుకొచ్చిన మనిషి. ఇలాంటివాడికి పండితుడితో వాదమా అని తనని తానే తిట్టుకున్నాడు.

అయినా దిగాక తప్పదు. చుక్కలన్నీ అచ్చుగుద్దినట్టున్నాయి, ఇదీ అని చెప్పడానికి ఏ గుర్తూ లేదు, గిరులకేమో అంతే లేదు, ఒక్కొక్కటే ఏరుతూ కూర్చుంటే ఎప్పటికి తెమిలేది అని నసిగాడు.

అవధాని చిరాకుపడ్డాడు. "ఏ చుక్కో చెప్పక్కర్లేదయ్యా. ఎంపిక జరిగిపోయిందంటే జరిగిపోయినట్టే."

కాదని నిరూపించమన్నాడు రాజు. కొండుభట్టు ఎంత బుర్ర గోక్కున్నా అది తప్పని చూపే దారి కనబడలేదు. ఇక మూట సర్దుకోవడమే అనుకున్నాడు. అంతలో రాజు ఇస్తానన్న ఊరు గుర్తొచ్చింది.

"ఒప్పుకున్నాను ప్రభూ. అవధానిగారికి ఊరు ఇచ్చేయండి. కాదు, ఇచ్చేసినట్టే. మన రాజ్యంలోంచి ఒక ఊరు ఎంపికైపోయింది."

అవధాని మురిసిపోయి శాలువా సవరించుకున్నాడు. కాసేపటికి ఆయన మొహంలో అనుమానం మొదలైంది.

"ఇంతకీ ఏ ఊరు? తెలియకపోతే శిస్తు ఎక్కడ వసూలు చేసుకోను?"

కొండుభట్టు చేతులు కట్టుకుని వినయంగా అన్నాడు:

"ఊరు ఉందండీ. ఏదో మాత్రం చెప్పక్కర్లేదని తమరే సెలవిచ్చారు."

రాజు పొట్ట పట్టుకుని నవ్వాడు. అవధానికీ నవ్వాగలేదు. ఒప్పుకున్నాడు కూడా: ఏదో చెప్పకుండానే అలా ఎంచుకోవచ్చని అనుకుంటేనే తన లెక్క సాగుతుందట, ఆ 'అనుకుంటే'ని ముందే చెప్పి ఉండాల్సిందట. నిజం ఒప్పుకున్నందుకు రాజు ఆయనకి వెలిచెర్ల అనే ఊరు రాసిచ్చి, విదూషకుడి వైపు తిరిగాడు.

"కొండుభట్టూ, నీకూ ఒక ఊరు ఇచ్చాం."

కొండుభట్టు సాష్టాంగపడ్డాడు. పడ్డవాడు లేవలేదు.

"లే. ఇంకేం కావాలి?"

"ఊరి పేరు, ప్రభూ."