సూరాయమ్మ ముడుల తాడు

అనగనగా ఏటి నడుమ ఒక లంక, ఆ లంకలో ఒక ఊరు. ఏటా వరదొచ్చి గట్లన్నీ ఒండ్రు కింద కప్పేసేది. నీళ్ళు తీశాక ఎవరి చేను ఎక్కడిదాకానో దేవుడికే తెలియాలి. కాదు కాదు, కొలతల సూరాయమ్మకి తెలియాలి! ఆవిడ దగ్గర ఊరంత పొడుగు తాడుండేది. ఒక్కో గట్టుకి ఒక్కో ముడి.

ఒక ఏడు తాడు తీద్దామని అటకెక్కింది. అమ్మో! ఎలుకలు కొరికేసిన పీచు చేతికొచ్చింది. పెద్దవాళ్ళని అడిగి అడిగి కొత్త తాడు పేనేసరికి విత్తనాల అదను కాస్తా దాటిపోయింది.

అప్పుడు తాడుని మూడు ముక్కలు చేసింది. తూర్పు చేలదొకటి, నడిమి చేలదొకటి, పడమటి చేలదొకటి. మూడిళ్ళలో దాచింది. ఎవరి గట్టు కొలవాలంటే ఆ ముక్క తెస్తే చాలు. బరువూ తగ్గింది, పనీ తేలికైంది.

ఆ తర్వాత ఏమైందో తెలుసా? నడిమి తాడున్న ఇంటికి నిప్పంటుకుంది. తూర్పు వాళ్ళూ పడమటి వాళ్ళూ విత్తుకుంటుంటే నడిమి వాళ్ళు నెత్తిన చేతులు పెట్టుకున్నారు. మళ్ళీ పెద్దల్ని అడిగి ముడులు వేశారు. అందులో సూరాయమ్మకీ, పక్క చేను పేరమ్మకీ మూరెడు నేల దగ్గర చెడింది. "ఆ మూరెడూ నాదే!" అంది పేరమ్మ. అంతే, అప్పట్నించీ ఇద్దరికీ మాటల్లేవు.

అప్పుడు సూరాయమ్మ ఒక్కో ముక్కకి మూడేసి తాళ్ళు పేని, ఊరంతా కొలిచి ముడులేసింది. పేరమ్మ కూడా కొబ్బరితాడు పట్టుకుని, ముడులు వేసుకుంటూ ఊరంతా వెనకే నడిచింది, దొంగని కాపలా కాసినట్టు. సూరాయమ్మకి ఒళ్ళు మండిపోయింది.

ఆ తొమ్మిది తాళ్ళూ ఎక్కడ దాచిందంటావు? తన ముగ్గురు చెల్లెళ్ళ ఇళ్ళలో! మనవాళ్ళయితేనే నమ్మకమంది. ఆ మూడిళ్ళూ పల్లపు వీధిలో గోడకి గోడ ఆనుకునున్నాయి, పిచ్చిది చూసుకోలేదు.

ఆ ఏడు పెద్ద వరదొచ్చింది. మనుషులు పడవలెక్కి బతికారు గానీ పల్లపు వీధి మొత్తం తుడిచిపెట్టుకుపోయింది. ఒక్క తాడూ మిగల్లేదు! గట్ల కోసం అన్నదమ్ములు కర్రలు తీశారు.

అంతలో మిట్ట మీది తన ఇంటి నించి పేరమ్మ దిగొచ్చింది, భుజాన ఆ కొబ్బరితాడు చుట్టతో. 'అయిపోయింది, నా మూరెడు నేల పోయినట్టే' అనుకుంది సూరాయమ్మ.

తాడు పరిచారు. కర్రలు కిందపడ్డాయి. చివరికి వాళ్ళిద్దరి గట్టు వచ్చింది. చూస్తే ఏముంది, ముడి సూరాయమ్మ వేసిన చోటే ఉంది! సూరాయమ్మ ఆ ముడి పట్టుకుని అడిగింది.

"ఇదేంటే పేరమ్మా! నీకు కావలసిన చోట వేసుకోలేదా?"

"నీ మీద కోపం ఇప్పటికీ ఉంది వదినా. అయినా నీ ముడి ఎక్కడుంటే నా ముడీ అక్కడే ఉండాలిగా. జరిపేస్తే ఇంక ఆ తాడెందుకు?"

సూరాయమ్మకి ఏడుపాగలేదు. "ఆ మూరలో సగం నీదేనే" అంది.

ఆ తర్వాత పేరమ్మ తాడు చూసి ప్రతి ముక్కకీ మూడు తాళ్ళు పేనారు. ఒకటి మిట్ట మీద, ఒకటి పల్లంలో, ఒకటి ఏటి అవతల. అందులో ఒకటి మనతో మాటల్లేని వాళ్ళింట్లోనే ఉండాలన్నారు, ముడి జరిగితే ముందు పట్టేది వాళ్ళేగా. ఆ సగం మూర ముడి మూడు తాళ్ళలోనూ మారేదాకా ఇద్దరూ మెతుకు ముట్టలేదు. ఏటి అవతలి తాడు కూడా మార్చి పడవ తిరిగొచ్చాక ఒకే కంచంలో తిన్నారమ్మా, బుజ్జీ.

తాళ్ళు మూడిళ్ళకి, కోపాలు ఏటికి,
కథ కంచికి, నిద్ర నీ కంటికి!