కర్రకు రెండో కొస

చెబుతాను, వినండి. మధ్యమధ్యలో ఊఁ కొడుతూ ఉండండి, లేకపోతే నాకు కథ ముందుకు నడవదు.

అడవిలో దారులు ఇంకా సరిగ్గా పడని కాలంలో, కొండ మీద ఒక ఊరు ఉండేది. కొండ కింద మైదానంలో ఒక రాజు ఉండేవాడు. ఆ కొండ తనకు కప్పం కట్టాలని రాజుకు పట్టుదల. కట్టకూడదని కొండవాళ్లకు అంతకన్నా పట్టుదల. అలా మొదలైన యుద్ధం ఎంతకీ తెగలేదు. యుద్ధం మొదలైన నాడు పుట్టిన పిల్లలు పెళ్లిళ్లు చేసుకుని, వాళ్లూ పిల్లల్ని కన్నారు.

అంత పొడుగు యుద్ధమైనా, పోరు జరిగేది ఏడాదికి ఒక్క రోజే. ఎందుకంటారా? మొదట్లో రాజు వానాకాలంలో సైన్యాన్ని పంపాడు, జ్వరాలు పట్టుకున్నాయి. చలికాలంలో పంపాడు, మంచులో దారి తప్పారు. నడివేసవిలో పంపాడు, తేనెటీగలు తరిమాయి. చివరికి చైత్ర పున్నమి నాడు పంపాడు, గెలిచాడు. ఇక ఆస్థాన జ్యోతిష్కుడు ఊరుకుంటాడా? ఆ కొండ మీద రాజుగారి నక్షత్రం ఆ ఒక్క రోజే నిలబడుతుందని, పొద్దు పొడిచాక ఎక్కి పొద్దు గూకగానే వెనక్కి తిరగాలని, ఆపైన ఒక్క అడుగు ముందుకు వేసినా సర్వనాశనమని చెప్పాడు. రాజు నమ్మాడు. అప్పటినుంచి చైత్ర పున్నమి వచ్చిందంటే సైన్యం కొండెక్కేది.

గెలవడంలో గొప్పేమీ లేదు. ఆ రోజు ఊళ్లో మగాడనేవాడు ఉండడు. అది కొండవాళ్ల విత్తనాల పండగ. మగవాళ్లంతా వేటకు పోతారు, పొద్దు గూకేదాకా తిరిగి రాకూడదు. విత్తనాలన్నీ ఆ పగలంతా ఊరి దేవత గుడిసెలో, ఆ తల్లి ముందు ఉండాలి. ఆ రోజు దాచిన విత్తనం మొలవదని వాళ్ల నమ్మకం. ఇక ఆడవాళ్లు ఊరి మొదట్లో దారికి అడ్డంగా వెదురు కర్ర పట్టుకుంటారు, ఈ కొసన ఒకరు, ఆ కొసన ఒకరు. ఆ దారిన వచ్చినవాడు చేతిలో ఉన్నది ఇచ్చి దాటాలి. ఇవ్వడానికి ఏమీ లేనివాడు తనే కర్ర పట్టుకుని నిలబడాలి, ఇంకెవరైనా వచ్చి అతని తరఫున ఏదో ఒకటి ఇచ్చి విడిపించేదాకా. ఇవ్వకుండా దాటితే కన్నతల్లికి కీడు. మీకు నవ్వొస్తుందేమో. ముహూర్తం పెట్టుకుని యుద్ధానికొచ్చే రాజును చూసి ముందు నవ్వండి, తర్వాత వీళ్లను చూసి నవ్వుదురుగాని.

యుద్ధం వచ్చాక కర్ర పట్టేవాళ్లే లేకుండా పోయారు. చైత్ర పున్నమి నాడు ఆడవాళ్లు పిల్లల్ని చంకనేసుకుని కొండ గుహల్లోకి పరుగెత్తేవాళ్లు. సైన్యం వచ్చేది, గుడిసెలో ఉన్న విత్తనాలు తగలబెట్టేది, పొద్దు గూకేలోపు దిగిపోయేది.

ఆ ఊళ్లో సుకిరమ్మ అని ఒక ముసలమ్మ ఉండేది. కొండచీపుళ్లు కట్టుకుని బతికేది. మొగుడు లేడు, పిల్లలు లేరు, ఒక కాలు కుంటి. గుహ దాకా నడవలేదు కాబట్టి చీపురుగడ్డి మోపుల కింద దూరి పడుకునేది. ఆమెను లెక్కలో వేసుకున్నవాళ్లు లేరు, ఊళ్లోనూ లేరు, రాజు సైన్యంలోనూ లేరు.

ఒక ఏడు గడ్డి సందులోంచి సుకిరమ్మ ఒక వింత చూసింది. సైనికులు ఊరి మొదటికి రాగానే, అక్కడ కర్ర లేకపోయినా, ఉన్నట్టే కాళ్లెత్తి దాటుతున్నారు. దాటాక గుండెల మీద చెయ్యి వేసుకుని ఏదో గొణుక్కుంటున్నారు. వీళ్లు మైదానం వాళ్లు కారు. కింది కొండల కుర్రాళ్లు, రాజు ఇంటికొకణ్ని పట్టుకొచ్చి ఈటె చేతికిచ్చాడు. వాళ్ల ఊళ్లలోనూ ఇదే పండగ, ఇదే కర్ర. ఆ ఏడు ఊరి కందులన్నీ కాలిపోయాయి.

మరుసటి ఏడు సుకిరమ్మ మంచి వెదురు చూసి నరికించుకుని, దారికి అడ్డంగా పెట్టి దాక్కుంది. సైన్యం వచ్చింది. సైనికులు ఆగారు. సైన్యానికి పెద్ద, ముందు నడుస్తున్న దళవాయి, కర్రను కాలితో తన్నేశాడు. పట్టుకున్న మనిషి లేకపోతే అది వట్టి వెదురే కదా. ఆ ఏడు ఊరి సామలు కాలిపోయాయి.

ఆ పై ఏడు సుకిరమ్మ దాక్కోలేదు. కర్ర ఒక కొస ఒళ్లో పెట్టుకుని దారి పక్కన కూర్చుంది. సైన్యం వచ్చింది. సైనికులు ఆగారు. దళవాయి పకపకా నవ్వి, ఎవరూ పట్టుకోని రెండో కొస వైపు నుంచి చుట్టు తిరిగి వెళ్లాడు, అందరినీ అలాగే రమ్మన్నాడు. తలొంచుకుని వెళ్తూ ఒక కుర్రాడు, ఇవ్వడానికి తమ దగ్గర ఏమీ లేదని, కొండ కప్పం కట్టాకగాని రాజు జీతం ఇవ్వడని మెల్లగా చెప్పిపోయాడు. ఆ ఏడు ఊరి కొర్రలు కాలిపోయాయి. సుకిరమ్మ మాత్రం ఆ కుర్రాడి మాటే నెమరేసుకుంటూ ఏడాదంతా చీపుళ్లు కట్టింది.

ఇప్పుడు ఊరికి మిగిలింది ఒక్క బుట్టెడు చోళ్లు, మీరు రాగులంటారే, అవి. అవి కూడా పోతే కొండ దిగి రాజు పొలాల్లో పాలేర్లుగా బతకడమే, ఇంక దారి లేదు. దిగాల్సి వస్తే పసిపిల్లల్ని మోసుకుపోవాలి. ఊరి పెద్ద సుకిరమ్మ గుమ్మంలో నిలబడి, మొహం చూడలేక నేల చూస్తూ, ఆమెను మొయ్యడం తమ వల్ల కాదని చెప్పాడు. సుకిరమ్మ కోప్పడలేదు. చోళ్లు గుడిసెలోనే పెట్టమంది, మీరు వేటకు పొండంది.

చైత్ర పున్నమి వచ్చింది. సుకిరమ్మ కర్ర ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. సైన్యం వచ్చింది. సైనికులు ఆగారు. అయితే ఈసారి ముందు దళవాయి లేడు. వరసగా రెండేళ్లు దారిలో ఆ కర్ర కనిపించేసరికి, ఇదేదో చేతబడి అని అనుమానం పుట్టి, సైనికుల్ని ముందుకు తోలి తాను అందరికన్నా వెనక నిలబడ్డాడు. అంత వీరుడు మరి.

ఊరి మొదటిదాకా అది ఒక్కొక్కరే నడిచే ఇరుకు దారి. అందరికన్నా ముందు వచ్చినవాడు పోయినేడు మాట్లాడిన కుర్రాడే, పేరు పండన్న.

"ఎవులి కొడుకువి నాయినా?" అంది సుకిరమ్మ.

"సన్నెమ్మ కొడుకునవ్వా."

"సన్నెమ్మ సల్లగుండాల గదా. సేతిలో ఏటుంది?"

"ఈటె ఉన్నాది."

"ఇత్తనాల పండగ నాడు రగతం తాగే ఇనుం నానేటి సేసుకుంతాను? ఇంకేటీ నేదా?"

పండన్న ఖాళీ చెయ్యి చాపి చూపించాడు. సుకిరమ్మ గెడ్డం ఊపి రెండో కొస చూపించింది. పండన్న వెనక్కి చూశాడు, కొస వైపు చూశాడు. వాళ్లమ్మ గుర్తొచ్చింది కాబోలు, ఈటె చెట్టుకు ఆనించి వెళ్లి కొస పట్టుకున్నాడు.

తర్వాతివాడు వచ్చాడు. ఎవరి కొడుకువంది. చేతిలో ఏముందంది. ఏమీ లేదన్నాడు. వెళ్లి పండన్న పక్కన కర్ర పట్టుకున్నాడు. ఆ తర్వాతివాడూ అంతే. సుకిరమ్మకు తొందరేముంది? ప్రతివాణ్నీ తల్లి పేరు అడిగింది, పెళ్లయిందా అంది, కాకపోతే ఈ మొహానికి ఎవరిస్తారని ఆటపట్టించింది. పండగ నాడు వేళాకోళం ఆడకపోతే కర్రకు మర్యాద తక్కువట. ఏళ్ల తరబడి యుద్ధం తప్ప మరోటి ఎరగని కుర్రాళ్లు పండగ మొహాలు పెట్టుకుని వచ్చి నిలబడుతున్నారు. కర్ర నిండిపోయాక ఒకరి భుజం ఒకరు పట్టుకుని వరస కట్టారు.

వెనక దళవాయికి సైన్యం ముందుకు పోతోందని తెలుస్తోందిగాని, ఊళ్లోంచి పొగ మాత్రం లేవడం లేదు. పొద్దు పడమటికి వాలింది. ఓపిక పట్టలేక తనే తోసుకుంటూ వచ్చాడు. చూస్తే ఏముంది, తన సైన్యమంతా తన దారికే అడ్డంగా నిలబడి ఉంది.

దళవాయి అరిచాడు, తిట్టాడు, తలలు తీయిస్తానన్నాడు. ఎవరూ కదల్లేదు. సుకిరమ్మ అతని చేతికేసి చూసింది.

"నీకాడ ఉంగరం ఉన్నాది గదా బాబూ. అదిచ్చీసి ఎల్లు. నిన్నెవులాపుతారు?"

దళవాయి చెయ్యి ఉంగరం మీదికి పోయి ఆగిపోయింది. వచ్చిందేమో కొండవాళ్ల చేత కప్పం కట్టించడానికి. ఇప్పుడు తాను కొండకు కప్పం కట్టి లోపలికి పోవాలి. ఆ సంగతి రాజుకు తెలిస్తే తన తలే ఉండదు. మొహం నల్లబడింది. ఏం చెయ్యాలో తోచక ఈటె తిప్పి, మొద్దు వైపుతో ముసలిదాని గుండెల మీద ఒక్క పోటు పొడిచాడు.

సుకిరమ్మ ఒరిగిపోయింది. చేతులు మాత్రం కర్ర వదల్లేదు. సైనికుల్లో ఒక్కసారిగా గొణుగుడు పుట్టి పెద్దదైంది. దళవాయి వాళ్ల కళ్లు చూశాడు, రెండో దెబ్బ వెయ్యలేదు. ఇంతలో పొద్దు కొండ వెనక్కి దిగింది. జ్యోతిష్కుడి మాట గుర్తొచ్చి ఒంటరిగా కొండ దిగిపోయాడు.

వేటగాళ్లు తిరిగొచ్చి ఊరి మొదట్లో సైనికుల్ని చూసి బాణాలు ఎక్కుపెట్టారు. పండన్న ఒళ్లో తలపెట్టుకుని ఉన్న సుకిరమ్మ గొంతు పెగల్చుకుంది.

"దించండిరా. ఈలు కర్ర పట్టిన పిల్లలు. ఏటో ఒకటిచ్చి ఇడిపించండి."

వేటగాళ్లు కుందేలో కముజు పిట్టో, ఏదీ దొరకనివాళ్లు నాలుగు చార పప్పులో, సుకిరమ్మ ఒళ్లో పెట్టి ఒక్కొక్కణ్నే విడిపించారు. ఆ పూట ఊరూ సైన్యమూ ఒకే పొయ్యి మీద వండుకుని తిన్నారు.

చోళ్లు మొలకెత్తాయి. ఆ మొలకలు చూడాలని సుకిరమ్మ అడిగితే ఊరి పెద్దే ఆమెను వీపున మోసుకెళ్లాడు. మొయ్యలేమని అన్నందుకు ఆయన దారంతా ఏడ్చాడట. చేను గట్టు మీద కూర్చుని ఉండగానే ఆమె కళ్లు మూసింది.

కుర్రాళ్లు తమ ఊళ్లకు పోయి జరిగింది చెప్పారు. మరుసటి చైత్ర పున్నమికి రాజు మళ్లీ కొండల కుర్రాళ్లనే పట్టుకొచ్చి కొత్త సైన్యాన్ని పంపాడు. కింది కొండల్లో మొదటి ఊరి దగ్గర కర్ర, రెండో ఊరి దగ్గర కర్ర, మూడో ఊరి దగ్గర కర్ర. పొద్దు గూకేసరికి సైన్యం మొదటి ఊరు కూడా దాటలేదు. ఆ తర్వాత రాజు పంపడం మానేశాడు. యుద్ధం అలా ముగిసింది.

ఇప్పటికీ ఆ కొండల్లో విత్తనాల పండగ నాడు కర్ర ఒక కొసనే మనుషులు పట్టుకుంటారు. రెండో కొస ఖాళీగా ఉంచుతారు. డబ్బున్నవాడు ఎంతిచ్చినా నవ్వి పంపేస్తారు. ఖాళీ చేతులతో వచ్చినవాణ్ని మాత్రం, వాడు ఏ ఊరివాడైనా, ఒంటి మీద ఏ సైన్యం బట్టలున్నా, ముందు తల్లి పేరు అడుగుతారు. అడిగి, "రా నాయినా, సుకిరవ్వ నీకోసరమే ఉంచింది" అని ఆ కొస అతని చేతికిస్తారు.