మేడ మీద రెండు గదులు

హైమవతికి ఏడుపు బాగా వచ్చు. వచ్చే ఆదివారం ఒంగోలులో వేసే నాటకంలో ఆమెది ముఖ్య వేషం. కులం చెప్పగానే ఇల్లు దొరకని పంతులమ్మ. ఇంటావిడ ఆమె మొహం మీదే తలుపు వేసేసినప్పుడు హైమ ఏడిస్తే, రిహార్సల్ చూసేవాళ్ళు కూడా కళ్ళు తుడుచుకుంటున్నారు.

ఒక్క వజ్రమ్మ గారు మాత్రం తుడుచుకోలేదు. నలభై ఏళ్ళుగా నాటకాలు ఆడి, ఆడించిన మనిషి. హైమకి గురువు.

"ఎక్కడ తప్పుతున్నానమ్మా? ఇంకా ఏడవమంటారా?" అని అడిగింది హైమ.

"వద్దు. ఇప్పటికే ఎక్కువైంది," అన్నారావిడ. "ఇంటి గేటుకి కట్టే బోర్డు ఎవరు తెస్తారు?"

ఆవిడదొక పట్టుదల. స్టేజీ మీదికి అట్టముక్కతో చేసిన వస్తువు రాకూడదు. కుర్చీ అయినా కుండ అయినా ఎవరింట్లోనో వాడుతున్నదే రావాలి.

"మా గేటుకి ఉందిగా, నేను తెస్తాను," అంది హైమ ఉత్సాహంగా.

మర్నాడు తెచ్చింది. రేకు మీద నీలం అక్షరాలు. 'మేడ మీద రెండు గదులు అద్దెకు. శాకాహారులకు మాత్రమే.' కింద ఫోను నంబరు.

వజ్రమ్మ గారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు. "ఇల్లెవరిది?"

"నాదేనమ్మా. నా జీతంతో కట్టుకున్నా. గదులు రెండు నెలలుగా ఖాళీ."

"ఈ రెండో ముక్క మీ ఆయన రాయించాడా?"

"లేదు, నేనే. అందరూ రాయించేదేగా."

ఇంటావిడ వేషం వేస్తున్న దీవెన గోడకానుకుని టీ తాగుతోంది. ఆసుపత్రిలో నర్సు. నెలాఖరుకి హాస్టలు ఖాళీ చెయ్యాలి, తల్లినీ తమ్ముణ్ణీ తెచ్చుకోవాలి. ఇప్పటికి పదకొండు ఇళ్ళు తిరిగింది. ఆ తిరుగుడంతా హైమ పక్కన కూచుని విన్నది. విని, ఎంత అన్యాయమో అని ఒక కవిత కూడా రాసింది. మేడ మీది గదులు మాత్రం గుర్తు రాలేదు.

వజ్రమ్మ గారు బోర్డు దీవెన చేతికిచ్చారు. "ఆ నంబరుకి ఫోను చెయ్యమ్మా."

హైమ సంచిలో ఫోను మోగింది. హాల్లో ఎవరూ నవ్వలేదు.

"ఎత్తు," అన్నారు వజ్రమ్మ గారు.

హైమ ఎత్తింది. నాలుగడుగుల దూరంలో దీవెన గోడవైపు తిరిగి, కొత్తవాళ్ళతో మాట్లాడినట్టే మాట్లాడింది.

"నమస్తే అండీ. గదులు అద్దెకిస్తారని బోర్డు చూశాను."

"అవునండీ. ఎంతమంది ఉంటారు?"

"ముగ్గురం. మా అమ్మ, తమ్ముడు, నేను."

"ఓహో. మరి మీరు..."

తర్వాతి మాట దానంతటదే నాలుక చివరికి వచ్చేసింది. మీరేమిట్లు? అంటే, ఏ కులం? నెల రోజులుగా రిహార్సల్లో ఇంటావిడ నోట ఆ మాట విని ఏడుస్తున్న మనిషి హైమ. అది తన నోట్లో ఇంత సుఖంగా కాపురం ఉంటోందని ఇప్పుడే తెలిసింది.

దీవెన అలవాటైన నెమ్మదితో తనే చెప్పింది. "మాది మాలపల్లె అండీ. చేపలు వండుకుంటాం. ముందే చెప్తే మీకూ నాకూ టైము కలిసొస్తుంది."

హైమకి ఏడుపు రాబోయింది. మింగేసింది.

"వండుకోండి," అంది. "సాయంత్రం వచ్చి గదులు చూసుకోండి."

"వస్తానండీ. నీళ్ళు సరిగ్గా వస్తాయా? నాకూ నచ్చాలిగా."

"వస్తాయి." హైమ నిజం కూడా చెప్పేసింది. "మధ్యాహ్నాలు కాస్త తక్కువ."

ఫోను పెట్టేశాక ఆమె తలెత్తలేదు.

"రేపట్నుంచి దీవెన పంతులమ్మ, నువ్వు ఇంటావిడ," అన్నారు వజ్రమ్మ గారు.

"ఇంటావిడకి ఉన్నది ఒక్క మాటేనమ్మా," అంది హైమ చిన్నగా.

"ఆ ఒక్కటీ నోటిదాకా వచ్చి ఆగాలి. అది ఇక్కడ నీకొక్కదానికే వచ్చు."