రవణయ్య బిడ్డకు పడిశం

పెంచలమ్మ ప్రశ్నలకు వెంటనే జవాబు చెప్పే మనిషి కాదు. ఎవరైనా ఏదైనా అడిగితే ముందు చేతిలోని పని ముగించేది, చేతులు కడుక్కునేది, కొంగుతో తుడుచుకుని ఇంకో పనిలో పడేది. అడిగినవాళ్ళు తమ మాట ఆమెకు వినపడలేదనుకునేవారు. వినపడేది. జవాబు ఎప్పుడో, ఏ సందర్భంలోనో వచ్చేది. అప్పటికి అడిగినవాళ్ళే తామేం అడిగారో మరిచిపోయి ఉండేవారు.

నాగరత్న మాత్రం తన ప్రశ్నను మరిచిపోలేదు. ఉదయగిరి కొండల కింద, పెంచలమ్మ ఆకుమందులిచ్చే ఆ పల్లెకు ఆమె మూడేళ్ళ కిందట తల్లి మోకాళ్ళ నొప్పులకు నూనె కోసం వచ్చింది. కావలిలో ఒక ప్రైవేటు కాలేజీలో వృక్షశాస్త్రం చెబుతుండేది. పెంచలమ్మ పెరడు చూసి, పుస్తకాల్లో బొమ్మలుగా చూపించిన మొక్కలన్నీ ఇక్కడ మనుషులకు పనికొస్తున్నాయని ఆశ్చర్యపోయింది. ఆ ఎండాకాలం సెలవులకు మళ్ళీ వచ్చింది. ఆ పైన ఉద్యోగం మానేసి పెంచలమ్మ ఇంటి ముందు గదిలోనే ఉండిపోయింది.

ఆ ఇంట్లో ఋతువును బట్టి పని మారేది. ఎండాకాలం వట్టివేళ్ళు కుండనీళ్ళలో వేయడం, సుగంధిపాల వేర్లు కడిగి ఆరబెట్టడం. వానలకు ముందు పొగ వేసుకోవడానికి వేపాకు, వావిలాకు ఎండబెట్టడం. చలి మొదలయ్యేసరికి వాము, శొంఠి, మిరియాలు దంచి చిన్న చిన్న మూటలు కట్టడం. ఎరువుల పొడి గానీ, పురుగుమందు గానీ ఆ పెరటి గేటు దాటి వచ్చేవి కావు. నాగరత్న అన్నీ నేర్చుకుంది, అన్నీ నోట్సు రాసుకుంది. తనవంతుగా ఒక రాగి బట్టీ తెచ్చి, నిమ్మగడ్డి నుంచీ నీలగిరి ఆకు నుంచీ తైలం తీయడం మొదలుపెట్టింది. కర్పూరం, పుదీనా పువ్వు, వాము పువ్వు పలుకులు ఒక గాజు సీసాలో వేస్తే మూడూ వాటంతటవే కరిగి నీరవుతాయి. ఆ నీటిని నీలగిరి తైలంతో పాటు నువ్వులనూనెలో కలిపి, రొమ్ముకు రాసుకునే నూనె ఒకటి తయారుచేసింది. పెంచలమ్మ మూత తీసి వాసన చూసి, "ఘాటుగా ఉందే" అని సీసాలను పై అరలో పెట్టింది. నాగరత్న దాన్ని మెచ్చుకోలుగానే తీసుకుంది.

ఇంత పని చేస్తున్నా, వచ్చినవాళ్ళకు మందిచ్చేది పెంచలమ్మే. నాగరత్న పొట్లాలు కట్టేది, ఆమె అందించేది. ఒక ఉదయం ఇద్దరూ కూర్చుని వావిలాకు కాడలు దూస్తుండగా నాగరత్న మనసులో మాట అడిగేసింది.

"అమ్మా, మూడేళ్ళయింది. ఏ ఆకు దేనికో, ఎంతో, ఎప్పుడో అన్నీ నాకు తెలుసు. నేనే స్వయంగా మందిచ్చేది ఎప్పుడు?"

పెంచలమ్మ కాడలు దూయడం పూర్తిచేసింది. చేతులు కడుక్కుంది. వాము ఎండలో పెట్టడానికి వెళ్ళిపోయింది.

కార్తీకంలో ముసురు పట్టింది. నాలుగు రోజులుగా ఎండ లేదు, ఇంటింటా దగ్గులు, తుమ్ములు. ఆ మధ్యాహ్నం పక్క ఊళ్ళో బాలింతను చూడడానికి పెంచలమ్మ వెళ్ళింది. ఆమె వెళ్ళిన కాసేపటికి రవణయ్య వచ్చాడు. చెరువు అవతల బత్తాయి తోటకు కాపలా ఉండే మనిషి. ఎరువుల గోతాన్ని గొంగడిలా తల మీదుగా కప్పుకుని, నీళ్ళు కారుతూ అరుగు కింద నిలబడ్డాడు.

"పెంచలమ్మ లేదామ్మా? మా బిడ్డకి పడిశం. రొమ్ము పట్టేసింది. ముక్కులు మూసుకొని నిద్ర లేదు. ఏదన్నా ఇయ్యి తల్లా, పోవాల."

రవణయ్య కూతురు సునీతను నాగరత్న ఎరుగును. పుస్తకాల సంచీ భుజాన వేసుకుని ఇంటర్ కాలేజీ బస్సు కోసం నిలబడే పిల్ల. ఆ మనిషి తొందరలో ఉన్నాడు, వాన పెద్దదయ్యేలా ఉంది. నాగరత్న పై అర నుంచి తన నూనె సీసా ఒకటి తీసింది. రొమ్ముకూ వీపుకూ బాగా రాసి, ముక్కు కింద కూడా కొంచెం పూయమని చెప్పింది.

"ఏం కాదుగా అమ్మా?" అన్నాడు రవణయ్య, సీసా గోతం లోపల దాచుకుంటూ.

"మన పెరటి సరుకే. ఏ మందూ కొట్టనిది. ఏమవుతుంది?" అంది నాగరత్న నవ్వి.

అతను వెళ్ళాక ఆమె మనసు తేలికపడింది. తనను వెతుక్కుంటూ ఒకరు వచ్చారు, తాను ఇచ్చింది. పొయ్యి మీద టీ పెట్టుకుని, పెంచలమ్మ రాగానే చెప్పాలని ఎదురుచూస్తూ కూర్చుంది.

గంట దాటాక పెంచలమ్మ ఆటోలో దిగింది. కాళ్ళు కడుక్కుంటూ ఎవరెవరొచ్చారని అడిగింది.

"రవణయ్య వచ్చాడమ్మా. బిడ్డకి పడిశమట. నా నూనె ఇచ్చాను."

"ఏ బిడ్డ?"

ఆ ఒక్క ప్రశ్న తాను అడగలేదన్న సంగతి నాగరత్నకు అప్పుడే తెలిసింది. పెంచలమ్మ తిరిగిపోతున్న ఆటోను కేకేసి ఆపింది. తడి కాళ్ళతోనే ఎక్కి, పక్కన చోటు వదిలింది. నాగరత్న చెప్పులు కూడా వేసుకోకుండా ఎక్కింది.

దారిలో పెంచలమ్మ అన్నది ఒక్కటే. రవణయ్య పెద్దకూతురు సరోజ పురిటికి వచ్చి ఉందనీ, పాపకు మూడో నెల ఇంకా నిండలేదనీ. ఆ మాట తరువాత నాగరత్నకు చెరువుకట్ట మీది దారి ఎన్నడూ లేనంత పొడవుగా తోచింది. చంటిపిల్లల ముక్కు దగ్గర కర్పూరం గానీ నీలగిరి గానీ చేర్చకూడదని తన నోట్సులో తానే రాసుకుంది. అది ఏ పేజీలో ఉందో కూడా గుర్తొచ్చింది.

వాళ్ళు వెళ్ళేసరికి ఇంట్లో తలుపులన్నీ వేసి ఉన్నాయి. నూనె వాసనకు గడపలోనే కళ్ళు మండాయి. సరోజ ఒడిలో పాప తల వాల్చేసి ఉంది. ఊపిరి తీసినప్పుడల్లా గొంతులో కీచుమని చప్పుడు. మధ్యమధ్య ఊపిరికీ ఊపిరికీ నడుమ ఎడం పెరుగుతోంది.

"నూనె పూసిన కాడినుంచి ఇట్టనే ఉంది అత్తా" అంది సరోజ ఏడుపు గొంతుతో. "పాలు పట్టడంలేదు. నిద్ర పట్టిందనుకుంటిమి."

పెంచలమ్మ తలుపులు బార్లా తీసింది. పాప చొక్కా విప్పి, గోరువెచ్చని నీళ్ళూ సబ్బూ పెట్టి రొమ్ము, వీపు, పైపెదవి మెల్లగా కడిగింది. పొడిబట్టలో చుట్టి సరోజ చేతుల్లో పెట్టింది. "ఆటో ఎక్కండి. ఆసుపత్రికి." నూనె మిగిలి ఉన్న సీసాను నాగరత్న రవణయ్య చేతిలోంచి అందుకుని గుప్పిట్లో పట్టుకుంది.

టౌన్లో డాక్టరమ్మ పాపను చూడగానే లోపలికి తీసుకెళ్ళి, ముక్కుకు గొట్టం అమర్చి ఆక్సిజన్ పెట్టించింది. తరువాత బయటికి వచ్చి, "ఏం పూశారు పాపకి?" అని అడిగింది. రవణయ్య నేల చూశాడు. డాక్టరమ్మ పెంచలమ్మ వైపు తిరిగింది.

"మా ఇంటి నూనె" అంది పెంచలమ్మ.

"అందులో ఏమేం ఉన్నాయి?"

పెంచలమ్మకు అది తెలియనిది కాదు. అయినా చెప్పలేదు. అలాగని నాగరత్న వైపు చూడనూ లేదు. కిటికీ బయట వానను చూస్తూ నిలబడింది. ఆ నాలుగు క్షణాల్లో నాగరత్న మనసులోకి ఎన్నో మాటలు వచ్చాయి. ఆకుపసరు అనొచ్చు. చంటిబిడ్డని ఆయన చెప్పలేదు అనొచ్చు. అది నిజం కూడా.

"నేను ఇచ్చానండీ" అంది చివరికి. "ఎవరికని అడగలేదు. నీలగిరి తైలం, కర్పూరం, పుదీనా పువ్వు, వాము పువ్వు, నువ్వులనూనె." ఏది ఎంత పాలు కలిపిందో కూడా చెప్పి సీసా ఇచ్చింది. ముక్కు కింద పూయమన్నది కూడా తానేనంది. "నోట్లోకి ఏమైనా పోయిందా?" అని డాక్టరమ్మ సరోజను అడిగి, లేదని తెలుసుకుని, సీసాతో లోపలికి వెళ్ళింది.

దీపాలు పెట్టే వేళకు పాప గట్టిగా ఏడ్చింది. ఆ ఏడుపు విని వరండాలో అందరూ ఒక్కసారి లేచి నిలబడ్డారు. గండం గడిచిందనీ, రెండు రోజులు ఉంచి పంపిస్తామనీ డాక్టరమ్మ చెప్పింది. రవణయ్య నాగరత్న దగ్గరికి వచ్చాడు.

"తప్పు నాదీ ఉందమ్మా. చంటిదని చెప్పకపోతిని."

"చెప్పడం నీ పని కాదు రవణయ్యా" అంది పెంచలమ్మ. "అడగడం మా పని."

సరోజ అంత మెత్తగా మాట్లాడలేదు. పాపకు పాలిచ్చి బయటికి వచ్చి, నాగరత్న ముఖంలోకి సూటిగా చూసి, "నా బిడ్డ పోయుంటే నీ సీసాలు తెచ్చిచ్చేవా?" అంది. పెంచలమ్మ అడ్డుపడలేదు. సరోజకు ఆ మాట అనే హక్కు ఉందన్నట్టు పక్కకు తప్పుకుంది. కాసేపయ్యాక క్యాంటీను నుంచి రెండు గ్లాసుల టీ తెచ్చి, ఒకటి సరోజకు, ఒకటి నాగరత్నకు ఇచ్చింది.

మర్నాడు తెల్లవారాక నాగరత్న పై అర ఖాళీ చేసింది. సీసాలన్నీ ఒక పెట్టెలో సర్ది, తన బట్టలు సంచీలో పెట్టుకుని, పెరట్లో ఉన్న పెంచలమ్మ దగ్గరికి వెళ్ళింది. "నేను కావలి పోతానమ్మా. ఈ పనికి నేను తగను" అంది. పెంచలమ్మ తులసి కొమ్మలు తుంచుతోంది. ఉండమనలేదు, పొమ్మనలేదు. ఇంతలో ముందు వాకిట్లో ఎవరో దగ్గారు.

"ఎవరో చూడు" అంది పెంచలమ్మ, తల ఎత్తకుండానే.

గొర్రెలు కాచే ముసలాయన. తడిసిన తలపాగా పిండుకుంటున్నాడు. దగ్గుకు ఏదైనా ఇమ్మన్నాడు. అమ్మ పెరట్లో ఉన్నారు, పిలుస్తానని చెప్పబోయి నాగరత్న ఆగిపోయింది.

"ఎవరికి తాతా?"

"నాకే."

ఎన్నాళ్ళ నుంచని అడిగింది. మూడు రోజులట. జ్వరం లేదు, కళ్ళెలో రక్తం లేదు, ఆయాసం లేదు. ఇంగ్లీషు మాత్రలేమైనా వాడుతున్నావా అంటే, బీపీ మాత్ర ఒకటన్నాడు. ఇంట్లో పక్కన పడుకునే చంటిపిల్లలున్నారా అని కూడా అడిగింది. ముసలాయన విసుక్కోలేదు. ఇన్ని సంగతులు తనను అడిగినవాళ్ళు ఈ మధ్య లేరన్నట్టు అరుగు మీద కూర్చోబోయి, బట్టలు తడిగా ఉన్నాయని మానుకుని, చూరు కింద నిలబడే అన్నింటికీ నిదానంగా చెప్పాడు. గుడ్డలో కట్టి వెచ్చచేసి వాసన చూసుకోవడానికి ఇంత వాము, తాగడానికి వేడినీళ్ళు చాలు. వారంలో తగ్గకపోతే డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. ఈ మాట ఆయనకు రెండుసార్లు చెప్పి, ఆయన చేత ఒకసారి చెప్పించుకుంది.

వాము కోసం లోపలికి వచ్చి డబ్బా తీసింది. గుడ్డ పరిచి పోయబోతే సగం గింజలు నేల మీద పడ్డాయి. మళ్ళీ పోసింది, మళ్ళీ పడ్డాయి. తలుపు దగ్గర పెంచలమ్మ నిలబడి ఉంది.

"చెయ్యి వణుకుతోందమ్మా" అంది నాగరత్న. ఆమె కళ్ళు నిండిపోయాయి. "మీరు ఇవ్వండి."

పెంచలమ్మ వంగి నేల మీది గింజలు చీపురుతో ఒక పక్కకు చేర్చింది. చేతులు కడుక్కుంది. కొంగుతో తుడుచుకుంది.

"నలభై ఏళ్ళయింది, నాకింకా ఆ వణుకు తగ్గలేదు" అంది. "పో, పెద్దాయన వానలో నిలబడ్డాడు."