చివరి వీధిలో సున్నా

మూడు రోజులుగా సలోమికి అన్నం సయించడం లేదు. నాలుగో రోజు పొద్దున్నే కంప్యూటర్ సంచిలో పెట్టుకుని పేరయ్య మాస్టారి ఇంటికి వెళ్లింది.

ఆయన దగ్గర ఆమె నాలుగేళ్లు పని నేర్చుకుంది. ఆయన రాసిన డేటాబేస్‌ను ఎవరైనా ఊరికే వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు. అందులో ప్రతి ప్రశ్నకూ ఒక వరస గళ్లుంటాయి, ఇంటికొక గడి. అవునైతే ఒకటి, కాదంటే సున్నా. ఆ వరసల్ని ఏడెనిమిది ఊళ్లలోని కంప్యూటర్లు పంచుకుంటాయి. లక్ష ఇళ్ల గురించి అడిగినా రెప్పపాటులో జవాబొస్తుంది.

గోదావరి పొంగినప్పుడు సలోమి దాన్ని లంక గ్రామాల కోసం వాడింది. కార్యకర్తలు ఇంటింటికీ వెళ్లి, నడవలేనివాళ్లు ఉన్నారా అని అడిగి, అవునో కాదో ఫోన్లో నొక్కేవారు. అవునంటే ఆ క్షణంలోనే ఆ ఇల్లు పడవలవాళ్ల జాబితాలోకి చేరేది. నూట పన్నెండు మందిని ఒడ్డుకు చేర్చారు. పేపర్లో సలోమి ఫొటో పడింది. మాస్టారికి చూపిస్తే ఆయన చూసి, మడిచి, తిరిగిచ్చేశారు.

నీళ్లు తీశాక తెలిసింది. ఒక లంకలో, చివరి వీధిలో, మంచం పట్టిన వీర్రాజు అనే నేతగాడు మునిగి చనిపోయాడు. ఆ ఇంటి గడిలో సున్నా ఉంది.

ప్రోగ్రామంతా రెండుసార్లు చూశానని సలోమి మాస్టారికి చెప్పింది. ఎక్కడా తేడా లేదంది.

"మరి తప్పెక్కడ జరిగింది మాస్టారూ?"

ఆయన చెప్పులు వేసుకున్నారు. ఇద్దరూ బస్సెక్కి, రేవు దాటి, ఆ వీధికి వెళ్లారు. వీర్రాజు కూతురు మంగతాయారు బురద పట్టిన నూలు కడుగుతోంది. మాస్టారు ఆమె ఎదుట నేలమీద కూర్చున్నారు.

"మీ ఇంటికి ఎవరైనా వచ్చి అడిగారా తల్లీ?"

"లేదండి. దారి మునిగిపోయింది కదా, ఈ వీధికి ఎవరూ రాలేదు. వస్తే చెబుదామని గుమ్మంలోనే కూర్చున్నాను. నీళ్లు లోపలికొచ్చాక ఒక్కదాన్నీ నాన్నని లేపలేకపోయాను."

మాస్టారు సలోమి సంచిలోంచి కంప్యూటర్ తీసి, ఆ ఇంటి గడి తెరిచి, పక్కన కూర్చున్న సలోమి ఒళ్లో పెట్టారు.

"ఈవిడ చెప్పింది ఇందులో రాయమ్మా."

సలోమి వేళ్లు మీటల మీదికి వెళ్లి ఆగిపోయాయి. అవును అని రాయొచ్చు. కాదు అని రాయొచ్చు. ఎవరూ అడగలేదు అని రాయడానికి చోటు లేదు. ఎవరూ ఏమీ నొక్కని గడి మొదటి నుంచీ సున్నాగానే ఉంటుంది.

ఆమె తలెత్తి మాస్టారి వైపు చూసింది. ఆయన మంగతాయారు చేతిలోని నూలు వైపు చూస్తున్నారు.

"ఆ చోటు ఉంచనిది నేనేనమ్మా," అన్నారు. "వేగం తగ్గుతుందని."