బురద దుప్పటి

అనగనగా ఒక ఊళ్ళో నూకరత్నం అనే ఆవిడకి అన్యాయం జరిగింది. ఎప్పుడంటావా, మృగశిర కార్తెకి సరిగ్గా పది రోజుల ముందు. ఊ కొట్టు మరి.

ఆ ఊరి చివర మోకాలి లోతు బురద గుంట. అందులో నూకరత్నం ఊత వేసేది. ఊతంటే అడుగూ మూతా లేని వెదురు బుట్ట. బుడగ లేచిన చోట గభాల్న దింపి, పైనుంచి చెయ్యి పెట్టి కొరమీనుని తీసేది. ఆవిడా, ముసలి అత్తా బతికేది ఆ గుంట మీదే.

మృగశిర రోజున అందరూ చేప తింటారు కదా, మునసబు వీర్రాజుకి ఆ గుంటలో చేపలన్నీ తానే పట్టించి అల్లుళ్ళ ముందు గొప్ప చూపించుకోవాలనిపించింది. "ఓసే నూకరత్నం, నువ్వు తొక్కబట్టే నీళ్ళు ఇలా తగలడ్డాయి. ఇక గుంటలో కాలు పెట్టావో!" అన్నాడు. పక్కనున్న మగాళ్ళంతా తలలూపారు. తలూపడానికి తెలివక్కర్లేదుగా.

అప్పుడు గాలాలు వేయించాడు. ఎర పీతలు తినిపోయాయి. ఆ తర్వాత వల వేయించాడు. వల నిండా బురదే. ఆ తర్వాత ఆయనకో మహా ఆలోచన వచ్చింది. బిందెలో నీళ్ళు తేరడానికి మనం చిల్లగింజ అరగదీసి కలుపుతామే, అలా గంపెడు నూరించి గుంటలో పోయించాడు.

తెల్లారేసరికి నీళ్ళు అద్దంలా తేరాయి. ప్రతి చేపా కనబడింది. మునసబుకే కాదు, కొంగలకి కూడా.

వల తెచ్చేలోగా మొదటి గుంపు వాలి పరిగె చేపల్ని తినేసింది. రెండో గుంపు జెల్లల్ని తినేసింది. మూడో గుంపు ఓ మూలకి తిరిగింది. అక్కడ తల్లి కొరమీను చుట్టూ ఎర్రెర్రటి పిల్లలు, గుత్తిలాగా.

నూకరత్నం చీర ఎగదోపి గుంటలోకి దూకింది.

"కాలు పెట్టొద్దన్నానా!"

"పులుసు కనబడింది గానీ మునసబుగారూ, చేపకి బురదే దుప్పటని కనబడలేదా మీకు?"

గట్టు మీద గేదెల్ని కూడా అదిలించి దింపింది. తను తొక్కింది, వాటిచేత తొక్కించింది. నీళ్ళు మళ్ళీ చిక్కటి బురదయ్యాయి. కొంగలు లేచిపోయాయి.

ఆ మృగశిరకి మునసబు అల్లుళ్ళు పప్పుచారు తాగారు. నూకరత్నం కూడా ఊత ముట్టలేదు. కొరమీను పిల్లలు పెరగాలి కదమ్మా. అత్తా కోడలూ ఏడాదంతా కూలి గంజితో గడిపారు. తప్పు మునసబుది, ఆకలి వీళ్ళది. అది మాత్రం మర్చిపోకు.

మరుసటి ఏడు గుంటలో మళ్ళీ బుడగలు లేచాయి. మునసబు గట్టు మీద నిలబడి, "దిగమ్మా నూకరత్నం" అన్నాడు. ఆ 'అమ్మా' అనడానికి ఆయనకి ఏడాది పట్టింది. ఆవిడ మళ్ళీ ఊత దింపిన రోజు మృగశిర, జూన్ ఎనిమిది.

కొరమీనేమో బురదలోకి,
కథేమో కంచిలోకి,
నువ్వేమో నా దుప్పట్లోకి.