చెంచాడు నూనె, అరెకరం మడి

ఊ కొడుతూ వినాలి, మధ్యలో కాళ్ళు ఆడించావంటే ఆపేస్తా. అనగనగా ఒక ఊళ్ళో, అంటే నేను పుట్టిన ఊళ్ళోనే, మాణిక్యం అని ఒక పిల్ల ఉండేది. నాతోపాటే నాలుగో తరగతి. వాళ్ళమ్మ మరువం వేసి నువ్వుల నూనె కాచేది. ఆ వాసన వీధి చివరిదాకా వచ్చేది. ఇప్పటికీ తలుచుకుంటే నాకు ప్రాణం లేచొస్తుందే.

ఒక ఏడు వాళ్ళమ్మ జ్వరమొచ్చి పోయింది. ఆవిడ కాచిన నూనె సీసా అడుగున ఒక్క చెంచాడు మిగిలింది.

మాణిక్యం దాన్ని దాచుకుంది. వేరే నూనె తలకి తగలనిచ్చేది కాదు. మొదటి నెల జుట్టు చిక్కుపడింది. రెండో నెల అట్టలు కట్టింది. మూడో నెల వాళ్ళ మేనత్త, "ఇక గుండే గతి. శనివారం మంగలిని పిలిపిస్తా," అంది. పైగా దాచిన నూనె కూడా పాడవుతోంది.

అప్పుడు మాణిక్యం ఏడుస్తూ బళ్ళో సామ్రాజ్యం పంతులమ్మగారిని అడిగింది. "రోజూ ఉన్నదాంట్లో సగమే రాసుకుంటే ఎప్పటికీ అయిపోదు కదండీ?"

"అయిపోతుంది తల్లీ. దేన్నైనా సగం, సగం చేస్తూపోతే ఒకచోట ఆగాల్సిందే," అన్నారావిడ. అని తన జడలోంచి ఒక వెంట్రుక పీకారు. అలాంటివి మూడు వందలు పక్కపక్కన పడుకోబెడితే ఒక అంగుళమట. ఆ ఒక్క వెంట్రుక మందంలో పరమాణువులు, అంటే ఇక సగం చెయ్యలేని నలుసులు, నాలుగైదు లక్షలు పడతాయట! మేం నోళ్ళు తెరిచాం.

ఆ తర్వాత సుద్దముక్కతో లెక్క కట్టారు. "ఆ చెంచాడూ నీళ్ళ మీద పోస్తే పది పన్నెండు పరమాణువుల మందాన పరుచుకుంటుంది. అంతకన్నా పల్చబడటం దానివల్ల కాదు. అప్పుడు ఎంత మేర వస్తుందో తెలుసా? మీ అరెకరం మడంత!"

మాణిక్యం రెండు రోజులు సీసానే తిప్పి తిప్పి చూసుకుంది. ఎలాగూ పాడైపోయేదే, మడంతా పరుచుకోనీ అనుకుంది కాబోలు. శనివారం పొద్దున్నే సీసా పట్టుకుని మడి దగ్గరికి వెళ్ళింది. నేనూ వెంటపడ్డాను. నాట్లకని దమ్ము చేసి నీళ్ళు పెట్టారు. గాలికి మడంతా చిన్నచిన్న అలలు. వాళ్ళ నాన్న గట్టు చెక్కుతున్నాడు. భార్య పోయిన దగ్గర్నుంచీ ఆయన ఆవిడ మాటే ఎత్తలేదు.

గాలి వచ్చేవైపు నిలబడి మాణిక్యం సీసా వంచింది.

అప్పుడు చూడాలి! మొదట చాపంత మేర అలలు ఆగాయి. ఆ తర్వాత కళ్ళమంత. ఆ తర్వాత మడి మొత్తం, అవతలి గట్టుదాకా, నున్నగా అయిపోయింది. పక్క మళ్ళల్లో మాత్రం అలలు లేస్తూనే ఉన్నాయి.

వాళ్ళ నాన్న పార కింద పెట్టాడు. సీసా చూశాడు, మడి చూశాడు.

"ఎంత చిక్కున్నా మీ అమ్మ చెయ్యి పడితే ఇంతేనమ్మా, సాపుగా అయిపోయేది," అన్నాడు. అని దాన్ని దగ్గరికి తీసుకుని గట్టు మీదే కూలబడి ఏడ్చాడు. నేనూ ఏడ్చాను, చెప్పడానికి సిగ్గేంటి?

ఆ సాయంత్రం, మంగలిని పిలిచేముందు ఆఖరుసారిగా, మేనత్త కొత్త నూనె గిన్నె తెస్తే, మాణిక్యం వచ్చి ఆవిడ ముందు తల వంచి కూర్చుంది.

కథేమో కంచి దారి పట్టింది,
నా కన్నకేమో కునుకు పట్టింది.